రాములోరు ఏ హాల్లో?

నెల్లిమర్లలో కొత్త జంట సినిమాకి బయల్దేరితే ఇంట్లో చెప్పే ఊరు వేరు, బండి తిరిగే దారి వేరు. ‘రామతీర్థం ఎల్లొస్తాం’ అంటే అత్తగారు అడ్డు చెప్పదు, పైగా కొబ్బరికాయకి డబ్బులిస్తుంది. బండి మాత్రం విజయనగరంలో హాలు ముందు ఆగుతుంది.

కొబ్బరికాయ డబ్బులు అక్కడేం సరిపోతాయి పాపం! 2021లో పల్లెటూరి హాళ్లలో నేల టిక్కెట్టుని 5 రూపాయలకి దింపిన సర్కారే, 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ప్రీమియర్‌కి 800, ఆపైన జీఎస్టీ అంది. (ప్రభుత్వం మారింది లెండి, జేబు మారలేదు.) ఆ రేటుకి రాములోరు శీఘ్రదర్శనమేంటి, పక్కన కూర్చోబెట్టుకుంటారు.

అర్ధరాత్రి తలుపు తీస్తూ అత్తగారు: ‘‘ఏటిరా, గుళ్లో సెకండ్ షో కూడా ఏసేరా?’’