కాపీ అయిపోయింది సార్!

నల్ల తెర మీద సీపీ అని రెండక్షరాలు కొడతారు. ఏ ఫైలో చెప్పి, ఎక్కడికో చెప్పి ఎంటర్ నొక్కుతారు. ప్రాంప్టు కింది వరుసలోకి దిగి కూర్చుంటుంది. మంచీ చెప్పదు, చెడూ చెప్పదు. ఆ వెంటనే కుర్చీ వెనక్కి జరుగుతుంది, "కాపీ అయిపోయింది సార్" అన్న కబురు మేనేజరుకి చేరుతుంది, టీ కప్పు చేతిలోకి వస్తుంది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్న మాటని సర్వర్లకి కూడా వర్తింపజేసిన ఘనత కమాండ్ లైన్ వీరులదే. పెద్దలు పాపం సగమే అన్నారు. వీళ్లు నూటికి నూరు మార్కులూ వేసేసుకున్నారు.

ఈ వీరులకి మౌసు పట్టేవాళ్లంటే మహా చులకన. ఫోల్డరుని పట్టి లాగి వదిలేవాడు, పచ్చగీత నిండేదాకా కళ్లప్పగించి కూర్చునేవాడు వాళ్ల లెక్కలో ఇంకా పలకా బలపం దగ్గరే ఉన్నట్టు. ఆ పచ్చగీతకి ఒక సుగుణం ఉంది. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే ఆగి, పాతదాని మీద రాసెయ్యనా అని అడుగుతుంది. సీపీ తనంతట తాను అడగదు. అడిగించాలంటే హైఫన్ ఐ తగిలించాలి. సర్వాధికారాలున్న రూట్ యూజరు చేతి దురుసు తెలిసినవాళ్లు కాబట్టి, లైనక్స్ తయారుచేసే రెడ్ హ్యాట్ వాళ్లు రూట్ ఖాతాలో సీపీకి హైఫన్ ఐ ముందే కట్టి మరీ ఇస్తారు. మరి వీరులు ఊరుకుంటారా? ప్రతిదానికీ జవాబు చెప్పే ఓపిక లేక, ‘యస్’ అనే ఇంకో కమాండుని పైపులోంచి దాని నోట్లో కుక్కుతారు. ఆపేదాకా వై, వై, వై అంటూ ఉండడమే దాని ఉద్యోగం. గుమ్మంలో వాచ్‌మన్‌ని పెట్టి, ఎవరొచ్చినా తలూపమని వాడికి తర్ఫీదు ఇచ్చినట్టు.

ఈ మౌనవ్రతానికి వంశవృక్షం లేకపోలేదు. 1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే సీపీ ఉంది. అప్పట్లో తెర దొరకడం అరుదు, టెలిటైపులే గతి. మోడల్ 33 అనే టెలిటైపు సెకనుకి పది అక్షరాల చొప్పున కాగితం మీద టకటకా కొట్టేది. ప్రతి ఫైలుకీ ‘క్షేమంగా చేరింది’ అని రాయించుకుంటే పని తెమిలేదీ కాదు, కాగితం మిగిలేదీ కాదు. పని అయితే నోరు మూసుకో, చెడితేనే నోరు విప్పు అన్నది ఆనాటి పొదుపు. ఒక్కో టేబుల్ మీద రెండేసి మానిటర్లున్న ఈ రోజుల్లో కూడా ఆ కాగితం పొదుపుని మడి కట్టుకుని మరీ పాటిస్తున్నారు.

"రెండే రెండక్షరాలు, ఇందులో తెలియనిదేముంది" అనేవాళ్ల కోసం ఒక చిన్న ఫోల్డరు. అందులో రెండే ఫైళ్లు: అమ్మకాలు, జీతాలు. రెంటినీ పక్క ఫోల్డరుకి పంపాలి. సీపీ కొట్టి, స్టార్ గుర్తు కొట్టి, ఆ తర్వాత గమ్యం కొట్టాలి. ఈలోగా ఫోను మోగింది. గమ్యం సంగతి మరిచి ఎంటర్ నొక్కేశారు. షెల్లు ఆ స్టార్‌ని విప్పి రెండు పేర్లనీ వరసగా పెట్టింది. సీపీ చెవిన పడింది ఇదీ: అమ్మకాల్ని జీతాల మీద రాయి. రాసింది. ఫైళ్లు రెండూ ఉన్నాయి, పేర్లు రెండూ భద్రం, జీతాలు తెరిస్తే మాత్రం లోపల అమ్మకాలు. మూడో మామూలు ఫైలు కూడా ఉండి ఉంటే, చివరిది డైరెక్టరీ కాదే అని అరిచేది. రెండే ఉండబట్టి కిక్కురుమనలేదు. ఒకటో తారీఖు దాకా ఆఫీసులో ఎవరికీ తెలియదు కూడా.

సీపీకి అసలు నోరే లేదనడం అన్యాయం. డిస్కు నిండినా, అనుమతి లేకపోయినా, హైఫన్ ఆర్ లేకుండా డైరెక్టరీని అప్పజెప్పినా గట్టిగానే చెబుతుంది. పని చెడితే సున్నా కాని అంకెని తిప్పి పంపుతుంది. ఇప్పుడు అర్ధరాత్రి వేళకి దానంతటదే క్రాన్‌లో నడిచే బ్యాకప్ స్క్రిప్టు ఒకటి తెరిచి చూడండి. వరుస చివర్న ఒక రెండు, ఒక బాణం గుర్తు, ఆ పక్కన డెవ్ నల్. అంటే వచ్చిన ఫిర్యాదు వచ్చినట్టే అడుగులేని బావిలోకి. పొద్దున్నే మెయిలుపెట్టె నిండకూడదని చేసుకున్న ఏర్పాటు. రాత్రి గొంతు నొక్కి, "ఒక్క మాట మాట్లాడలేదు, అంతా క్షేమమే" అని మర్నాడు రిపోర్టు రాయాలంటే గుండెలు తీసిన బంటు అయ్యుండాలి.

కాస్త ముదిరినవాళ్లు సీపీని వదిలి ఆర్‌సింక్ పట్టుకుంటారు. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ తయారుచేసిన ఈ పనిముట్టు గొప్పదే, సందేహం లేదు. ఫైల్లో మారిన ముక్కల్నే ఏరి అవతలికి పంపగలదు. దాని జాతకమంతా ఒక ఏటవాలు గీతలో ఉంది. సోర్సు పేరు చివర ఆ గీత పెడితే డైరెక్టరీ లోపలి సరుకు వెళ్తుంది. పెట్టకపోతే డైరెక్టరీయే వెళ్తుంది. దీనికి తోడు ‘డిలీట్’ అనే తోక తగిలిస్తే సోర్సులో లేనిది గమ్యంలోనూ ఉండకూడదని అర్థం.

ఒక రాత్రి సోర్సు డిస్కు మౌంట్ కాలేదనుకోండి. డిస్కు లేకపోయినా దాన్ని తగిలించే డైరెక్టరీ మాత్రం ఖాళీగా అక్కడే ఉంటుంది. ఆర్‌సింక్ వచ్చి చూసింది. ఏమీ లేదు. యజమాని అన్నీ తీసేశాడు కాబోలనుకుని, అవతల ఏళ్ల తరబడి పోగేసిన బ్యాకప్ మొత్తం ఊడ్చి, శూన్యాన్ని మక్కీకి మక్కీ దించింది. తిప్పి పంపిన అంకె సున్నా. అంటే దిగ్విజయం!

విండోస్ వాళ్లు దీనికి నవ్వుకోనక్కర్లేదు. వాళ్ల రోబోకాపీ వాగుడుకాయ, ప్రతి ఫైలు పేరూ చదివి వినిపిస్తుంది. అయితే ఫైళ్లు సలక్షణంగా కాపీ అయితే అది తిప్పి పంపే అంకె ఒకటి. కాపీ చెయ్యాల్సింది ఏమీ లేకపోతే సున్నా. ఎనిమిది, ఆపైన వస్తేనే వైఫల్యం. సున్నా అంటే మంచి, మిగిలిందంతా చెడు అని నేర్చుకున్న స్క్రిప్టులు పని జరిగిన రోజున ఎర్రదీపం వెలిగిస్తాయి, ఏమీ జరగని రోజున పచ్చదీపం పెడతాయి.

ఇవన్నీ చిన్నాచితకా ఆఫీసుల గొడవలని తోసిపుచ్చేవాళ్లకి 2017 జనవరి 31 గుర్తు చెయ్యాలి. ఆ రాత్రి నలుగురి కోడునీ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక డేటాబేస్ సర్వర్ అనుకుని ఇంకోదానిలో డైరెక్టరీ తుడిచేశాడు. గమనించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. పోతే పోయింది, బ్యాకప్‌లున్నాయి కదా అని చూస్తే, పెట్టుకున్న అయిదు ఏర్పాట్లలో ఒక్కటీ అక్కరకి రాలేదు. డేటాబేస్ వెర్షన్ 9.6, దాన్ని కాపీ తీయాల్సిన పనిముట్టు వెర్షన్ 9.2. అది రోజూ ఫెయిలవుతోంది, ఫెయిలయ్యానని రోజూ మెయిలు కొడుతోంది, ఆ మెయిళ్లని సంతకం సరిలేదని అవతలి సర్వర్ గుమ్మంలోనే తిప్పికొడుతోంది. కాపీలు ఉండాల్సిన చోట ఖాళీ. చివరికి ఆ ఇంజనీరే అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఆదుకుంది. జరిగింది జరిగినట్టు లోకానికి చెప్పుకున్న ఆ సంస్థ నిజాయితీకి దండం పెట్టాల్సిందే. అలా చెప్పుకోనివాళ్ల బ్యాకప్‌లు ఇంకా మౌనంగానే ఉన్నాయి.

దానికి దాదాపు అయిదేళ్ల తర్వాత, 2021 డిసెంబరులో, జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో సుమారు 77 టెరాబైట్లు, మూడు కోట్ల నలభై లక్షల ఫైళ్లు మాయమయ్యాయి. మాయం చేసింది దొంగ కాదు, బ్యాకప్ స్క్రిప్టే. అది నడుస్తుండగానే దాని మీద కొత్త స్క్రిప్టుని రాసేశారు. పాతది సగం, కొత్తది సగం చదువుకున్న షెల్లుకి ఒక పేరు అర్థం కాలేదు. పాత లాగ్‌లు తుడవాల్సిన చెయ్యి పరిశోధకుల ఫైళ్ల మీద పడింది. కంచే చేను మేయడమంటే తెలియనివాళ్లకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్లకి అదనపు వడ్డన ఉంది. లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, గుణింతానికీ ఒత్తుకీ విడి లెక్క. ‘శ్రీ’ ఒక్కటే పన్నెండు బైట్లు. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ముహూర్తం, వేదిక అన్నీ పేరులోనే కూర్చిన పెళ్లికార్డు ఫైలు విండోస్‌లో హాయిగా ఉండి, లైనక్స్‌కి తోలేటప్పుడు పేరు పొడుగని ఆగిపోతుంది. దాంతోపాటు పంపిన మిగిలిన ఆరొందల ఫైళ్లూ వెళ్తాయి. ఆగిన ఒక్కటీ ఏదో చెప్పే వరుస ఎప్పుడో తెర పైకి జారిపోయి ఉంటుంది.

ఇక అక్కర పడిన రోజు. మేనేజరు వెనక నిలబడ్డాడు, కుర్రాడు బ్యాకప్ అనే ఫోల్డరు తెరిచాడు. దాని లోపల ఇంకో బ్యాకప్ ఉంది. అదే కమాండుని రెండోసారి కొడితే, గమ్యం అప్పటికే ఉంది కాబట్టి సీపీ వినయంగా దాని లోపలికే దించింది. పక్కన ‘పాతది’, ‘కొత్తది’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ కొలువుతీరి ఉన్నాయి. స్టార్ కొట్టి తీసినవాటిలో చుక్కతో మొదలయ్యే ఫైళ్లు లేవు, స్టార్ గుర్తుకి అవి కనపడవు. తేదీలు చూద్దామంటే ఫైళ్లన్నిటికీ ఒకటే రోజు, ఒకటే గంట, ఇంచుమించు ఒకటే నిమిషం. పాత తేదీలు నిలబెట్టే హైఫన్ పీ ఎవరూ పెట్టలేదు.

"ఇందులో అసలేది బాబూ?" అన్నాడు మేనేజరు.

"ఆగండి సార్, దేన్నైనా ముట్టుకునే ముందు దీనికో కాపీ తీసి పెడతా" అన్నాడు కుర్రాడు. రెండక్షరాలు కొట్టాడు. ప్రాంప్టు కింది వరుసలోకి దిగి కూర్చుంది.