ఖుదాకే వీడ్కోలు

తరతరాలుగా ఉర్దూ మాట్లాడే ఇళ్లలో వెళ్లొస్తామని చెప్పేటప్పుడు ‘ఖుదా హాఫిజ్’ అనేవారు. దేవుడు నిన్ను కాపాడుగాక అని దాని భావం. పాకిస్తాన్‌లో జనరల్ జియా ఏలుబడి (1977-88) వచ్చేసరికి కాపాడే ఆ ఖుదాకే గడ్డురోజులొచ్చాయి. ఖుదా ఫారసీ మాట, ఏ మతం దేవుడికైనా అతుకుతుంది కాబట్టి ‘అల్లా హాఫిజ్’ అనాలన్నారు. ఆ గాలి ఢాకాకూ తగిలింది, మన పాతబస్తీకీ తగిలింది.

వాదం భేషుగ్గా ఉంది. చిన్న చిక్కల్లా అరబ్బులు సెలవు తీసుకునేటప్పుడు ‘అల్లా హాఫిజ్’ అనరు, ‘మఅస్సలామా’ అంటారు. ఇక, అన్ని మతాలకూ అతికే మాట పనికిరాదంటే అల్లా అన్న మాటకూ ఎసరొస్తుంది. అరబ్బు క్రైస్తవులు తమ బైబిల్లో దేవుణ్ణి అల్లా అనే చదువుకుంటారు మరి. ఇరాన్‌లో ఆయతుల్లాలు సైతం ఇప్పటికీ ఖుదా పేరు చెప్పే సెలవు పుచ్చుకుంటారు. వాళ్లకు ఇస్లాం నేర్పడానికి ఎవర్ని పంపుదాం?

ప్రక్షాళన మొదలెట్టాక సగంలో ఆపకూడదు. నమాజ్ ఫారసీ, సలాత్ అనాలి. రోజా ఫారసీ, సౌమ్ అనాలి. పైగంబర్, దర్గా అన్నీ ఆ బాపతే. పాకిస్తాన్ జాతీయగీతం చివరి పాదంలో ఖుదా నిక్షేపంగా కొలువున్నాడు; 1954 నుంచి దేశమంతా లేచి నిలబడి మరీ పాడుతోంది. పట్నాలో 1891లో జనం కోసం తలుపులు తెరిచిన ఖుదా బక్ష్ గ్రంథాలయంలో అరబ్బీ రాతప్రతులు వేలల్లో ఉన్నాయి. బయట బోర్డు మీద పేరు చూసి అవెంత సిగ్గుపడుతున్నాయో!

గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన కొడుకు గుమ్మంలోనే తండ్రిని దిద్దుతాడు: “ఖుదా హాఫిజ్ అనకండి అబ్బాజాన్, అల్లా హాఫిజ్ అనండి.” ఆ ‘జాన్’ కూడా ఫారసీయే బాబూ అని పెద్దాయన అనడు. ఇంటికి సున్నం వేయించింది ఆ కొడుకు పంపిన డబ్బే కదా!

తర్వాతి వంతు రంజాన్‌ది. ఫ్లెక్సీల మీద అది ‘రమదాన్’ అవుతోంది. అరబ్బీలో ఆ అక్షరం ‘జ’ కాదు, ఒప్పుకుందాం. మన ‘ద’ కూడా కాదు. పరాయివాడి నోట పలకడం కష్టమనే అరబ్బులు తమ భాషను ‘దాద్ భాష’ అని ఆ అక్షరం పేరుతోనే చెప్పుకుని మురిసిపోతారు. ఒక తప్పు పీకి మరో తప్పు నాటడానికి ఇంత హడావిడా? టర్కీవాళ్లు హాయిగా ‘రమజాన్’ అంటారు. నెలవంక అలిగి అక్కడికి రావడం మానలేదు.

మన ఊళ్లోనే అరబ్బు సంతతిని చూడాలంటే బార్కస్ వెళ్లాలి. నిజాం కొలువులో సైనికులుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వారసులు అక్కడున్నారు. వాళ్ల పేట పేరేమో ఇంగ్లీషు ‘బ్యారక్స్’ నోళ్లలో నలిగి పుట్టింది. దాని జోలికి ఏ సంస్కర్తా పోలేదు.

ఎదుటివాడి నాలుక దిద్దడానికి పైసా ఖర్చు కాదు. జకాత్ సంగతి అలా కాదు. అందులో ‘జ’ అరబ్బీలోనూ ‘జ’యే కాబట్టి పేచీకి తావులేదు, ఏడాది నిలవున్న సొమ్ములో నూటికి రెండున్నర తీసి పేదవాడి చేతిలో పెట్టడమొక్కటే మిగులుతుంది. అందుకే కాబోలు, ఆ మాట దగ్గర మన ఉచ్చారణ గురువులకు గొంతు పెగలదు.