ఇనుపకన్య ఉపాసకుడు

లండన్ ఈస్ట్ హామ్‌లో అద్దెకు దిగిన మొదటి వారమే పక్కింట్లోంచి ఒక కేక వినపడింది. ఎవరికో తలుపు సందులో వేలు పడిందనుకుని పరిగెత్తాను. తలుపు తీసినాయనకి యాభై అయిదేళ్లుంటాయి. బట్టతల, వెలిసిపోయిన నల్ల టీషర్టు, దాని మీద చేతుల్లేని జీన్స్ కోటు, ఆ కోటు మీద జానెడు జాగా మిగలకుండా కుట్టిన గుడ్డ బిళ్లలు. బొత్తాములు, పొట్ట ఒకదానికొకటి అందక చాలా ఏళ్లయినట్టుంది.

"కంగారు పడకు మేట్, అది బ్రూస్," అన్నాడు.

బ్రూస్ ఎవరు, ఆయనకేమైంది అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. రెండు గంటల తర్వాత బయటపడ్డాను.

ఈయన్ని హెవీ మెటల్ అభిమాని అంటే చిన్నబుచ్చుకుంటాడు. అభిమానులు సినిమా తారలకుంటారు. ఈయనది ఉపాసన. దేవత ఐరన్ మెయిడెన్, అంటే ఇనుపకన్య. గ్రంథం ఒక్కటే, 1982 మార్చి 22న వచ్చిన 'ది నంబర్ ఆఫ్ ద బీస్ట్'. ఎనిమిది పాటలు, నలభై నిమిషాలకి కాస్త తక్కువ. పదిహేనో ఏట ఇంటింటికీ పేపర్లేసిన డబ్బుతో ఆ ఎల్పీ కొన్నాడు. తర్వాత పెళ్లి చేసుకున్నాడు, ఇల్లు కొన్నాడు, జుట్టు పోగొట్టుకున్నాడు. ఆ తేదీలు కావాలంటే వాళ్లావిడనడగాలి. రికార్డు కొన్న రోజు వాన పడిందో లేదో కూడా ఈయన చెబుతాడు.

ఆయన రికార్డు వేసే తీరు చూసి తీరాలి. ముందు చేతులు కడుక్కుంటాడు. తుడుచుకుంటాడు. అట్టలోంచి రికార్డుని బయటికి తీసేటప్పుడు వేళ్లు తగలనివ్వడు, అరచేతుల అంచుల మధ్య పట్టుకుంటాడు. మెత్తటి బ్రష్‌తో ఒక చుట్టు తిప్పి, ఊపిరి బిగబట్టి ముల్లు దించుతాడు. పాట మొదలవకముందు చిటపటమని శబ్దం వస్తుంది. మా అమ్మ పోపు గుర్తొచ్చి నేను నవ్వబోయాను. ఆయన వేలెత్తాడు. "ఆ చిటపట నలభై ఏళ్లుగా వింటున్నా. అదీ పాటే."

ఇదే రికార్డువి ఆయన దగ్గర ఏడున్నాయి. ఎల్పీ, క్యాసెట్టు, సీడీ, బొమ్మ అచ్చు వేసిన ఎల్పీ, జపాన్‌లో వేసినది, ఇంకా ఏవో. "ఏడింట్లోనూ అదే మనిషి అరుస్తాడు," అంటుంది ఆవిడ. ఆయన లెక్క వేరు. మొదటి అట్ట మీద ఆకాశం నీలం. బొమ్మ గీసిన డెరెక్ రిగ్స్ అనుకున్నది నలుపు, అచ్చులో పొరపాటున నీలమైంది. 1998లో మళ్లీ వేసినప్పుడు నలుపు చేశారు.

"మంచిదేగా, తప్పు దిద్దారు," అన్నాను.

"పదహారేళ్లు ఆ నీలాకాశం కింద బతికాను," అన్నాడు, సొంతూరికి పేరు మార్చినవాళ్ల మీద పడినట్టు నా మీద పడి.

ఈయన దగ్గర కథలకి కొదవలేదు. విల్స్‌డెన్‌లోని బ్యాటరీ స్టూడియోలో రికార్డింగు. నిర్మాత మార్టిన్ బర్చ్. కొత్తగా చేరిన గాయకుడు బ్రూస్ డికిన్సన్ చేత ఆయన టైటిల్ పాట ఎత్తుగడే గంటల తరబడి పాడించాడట. మళ్లీ, మళ్లీ, ఇంకోసారి. ఆ విసుగంతా కలిసి బయటికొచ్చిందే నేను మొదటి వారం విన్న కేక. పాట ముందు గంభీరంగా చదివే గొంతు కోసం సినిమా నటుడు విన్సెంట్ ప్రైస్‌ని అడిగితే, ఆయన చెప్పిన ధరకి వీళ్ల గుండె జారి బ్యారీ క్లేటన్ చేత చదివించారు. ఇక ఆ రోజుల్లోనే బర్చ్ కారు ఒక వ్యానుని గుద్దిందనీ, వ్యాన్లో ఉన్నది క్రైస్తవ సన్యాసినులనీ, మరమ్మతు బిల్లు సరిగ్గా 666 పౌన్లయిందనీ మెయిడెన్ భక్తులందరూ చెప్పుకునే కథ ఉంది. మా పక్కింటాయన ఇది మొదటిసారి చెప్పినప్పుడు వ్యాన్లో నలుగురే సన్యాసినులు. క్రిస్మస్ నాటికి పన్నెండు మందయ్యారు. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే వ్యాను బస్సవుతుందని నా నమ్మకం.

కేక ఎలా వచ్చిందో చెప్పి ఊరుకోడు, చేసి చూపిస్తాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెడతాడు, ఛాతీ నిండా గాలి పీలుస్తాడు. వచ్చేది టీ కెటిల్ కూత. తల ఊపడం మాత్రం మానేశాడు, మెడ డాక్టరు వద్దన్నాడు. ఇప్పుడు బొటనవేలు ఊపుతాడు.

అట్ట మీద సైతాను ఉన్నాడని అప్పట్లో అమెరికాలో కొందరు ఈ రికార్డుల్ని తగలబెట్టారు. ఆ పొగ పీలిస్తే ఏమవుతుందోనన్న భయంతో ఇంకొందరు సుత్తులతో పగలగొట్టారట. నిజానికి టైటిల్ పాట రాసిన స్టీవ్ హారిస్ 'డేమియన్: ఒమెన్ 2' సినిమా చూసి, ఆ రాత్రి పీడకల వచ్చి హడలిపోయి రాశాడు. ఇక దాని ఉపాసకుడేమో సైతాను బొమ్మ టీషర్టుతోనే చర్చివాళ్ల సంతకెళ్లి కేకులు కొంటాడు, వీధిలో ముసలివాళ్ల చెత్తడబ్బాలు బయట పెడతాడు, పెరట్లో టమాటా మొక్కలకి పుల్లలు కడతాడు. ఇంత సాధుజీవిని నేను మా ఊరి భజన మండలిలో కూడా చూడలేదు.

ఇందులోనూ శాఖలున్నాయి సుమండీ. బ్రూస్‌కి ముందు పాల్ డియానో పాడిన రెండు రికార్డులతోనే మెయిడెన్ అయిపోయిందని వాదించే మిత్రుడొకడు ఈయనకున్నాడు. ఇద్దరూ స్ట్రాట్‌ఫర్డ్‌లో కార్ట్ అండ్ హార్సెస్ పబ్‌లో కలుస్తారు. మెయిడెన్ తొలి రోజుల్లో వాయించిన చోటు, వాళ్లకి క్షేత్రం. రెండో గ్లాసు దాకా ఫుట్‌బాల్, ఆ పైన శైవ వైష్ణవ కలహం. డ్రమ్స్ వాయించిన క్లైవ్ బర్ పేరు వస్తే మాత్రం ఇద్దరూ గొంతు తగ్గిస్తారు. ఆయన మెయిడెన్‌తో చేసిన ఆఖరి ఆల్బమ్ ఇదే. 2013లో పోయాడు.

నా రూమ్మేట్‌ది హైదరాబాదు. 2007 మార్చి 17న మెయిడెన్ బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తే, ఇంట్లో ఇంటర్వ్యూ అని చెప్పి రాత్రి బస్సెక్కినవాడు. వాణ్ణి పక్కింటికి తీసుకెళ్లడం నేను చేసిన రెండో తప్పు. ఆయన తూర్పు లండన్ యాస వీడికి సగమే తెలుస్తుంది, వీడి ఇంగ్లిషు ఆయనకి పావు. అయినా పది నిమిషాల్లో పాలూ నీళ్లలా కలిసిపోయారు. ఎనిమిది పాటల్లో ఏది చెత్త అన్న ప్రశ్నకి ఇద్దరూ ఒకే క్షణంలో "గ్యాంగ్‌ల్యాండ్!" అన్నారు.

అది ఏడో పాట. రెండో వైపున మూడోది. ఆ రోజుల్లో 'రన్ టు ద హిల్స్' సింగిల్ ముందు విడుదలైంది. దాని వెనకవైపుకి ఒక పాట కావాలి. 'టోటల్ ఎక్లిప్స్' అక్కడికిచ్చేసి 'గ్యాంగ్‌ల్యాండ్'ని ఆల్బమ్‌లో ఉంచారు. తప్పు చేశామని తర్వాత బ్యాండే ఒప్పుకుంది. మా పక్కింటాయన నలభై ఏళ్లుగా ఆ పాటని తిట్టని రోజు లేదు. సరిగ్గా 2022లో, నలభయ్యో ఏడాది వేసిన ప్రత్యేక ఎల్పీలో, మెయిడెన్ దాన్ని పీకేసి 'టోటల్ ఎక్లిప్స్' పెట్టింది.

ఈయన వీధంతా మిఠాయి పంచుతాడనుకున్నాను. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

"మీరే కదండీ తిట్టారు?" అన్నాను.

"మా ఇంట్లోవాణ్ణి నేను తిడతా. తీసెయ్యడానికి వాళ్లెవరు?"

"పాట కట్టింది వాళ్లు."

"కట్టారులే. నలభై ఏళ్లు భరించిందెవరు?"

దీనికి జవాబు నాకు తట్టలేదు. ఆవిడకి తట్టినట్టుంది, ఆయన వైపు అదోలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

2023లో మన ఉగాది మార్చి 22న పడింది. ఆ రికార్డు పుట్టినరోజూ అదే. రూమ్మేటూ నేనూ స్టీలు గ్లాసులో పచ్చడి పట్టుకెళ్లాం. వేపపువ్వు హై స్ట్రీట్ నార్త్‌లో మనవాళ్ల కొట్లో దొరికిన ఎండు ప్యాకెట్టు, దాని చేదు మాత్రం ఎండలేదు. ఆయన ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది.

"ఈ చేదేంటి?"

"వేపపువ్వు."

"మీకిష్టమా?"

"ఎవరికిష్టం?" అన్నాడు రూమ్మేటు.

"తీసెయ్యొచ్చుగా మరి?"

"తీసేస్తే అది ఉగాది పచ్చడెలా అవుద్ది బాస్?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. నీలాకాశం అట్టలోంచి పాత ఎల్పీ తీసి రెండో వైపుకి తిప్పి, ముల్లుని మొదట్లో కాకుండా మూడో పాట గీత మీద దించాడు.

"ఛీ, ఏం పాట!" అన్నాడు, సౌండు పెంచుతూ.