ముప్పై రోజుల విజ్ఞానం

విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆన్‌లైన్ డేటాబేస్ అమ్మదలచిన కంపెనీ దాన్ని ముందుగా నెల రోజులు ఉచితంగా తెరిచి పెడుతుంది. దీనికి ట్రయల్ యాక్సెస్ అని పేరు. మామిడిపండ్ల బండివాడు ముక్క కోసి చేతిలో పెట్టడం లాంటిదే ఇదీ. కాకపోతే బండి దగ్గర తినేదీ డబ్బిచ్చేదీ ఒక్కరే. ఇక్కడ ముక్క పరిశోధకుడికి, బేరం లైబ్రరీ కమిటీకి, బిల్లు ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్తాయి. పండు తియ్యగా ఉందా, పులిసిందా అని ఈ ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం బహు అరుదు.

ట్రయల్ ఒక మెయిల్‌తో మొదలవుతుంది. అది వైస్ ఛాన్సలర్ పేషీకి వచ్చి, రిజిస్ట్రార్ మీదుగా లైబ్రేరియన్‌కు చేరి, అక్కడ సర్క్యులర్‌గా మారి విభాగాధిపతులందరికీ ‘తగు చర్య నిమిత్తం’ వెళ్తుంది. విభాగాధిపతి పొట్టి సంతకం చేస్తే అటెండర్ దాన్ని నోటీసు బోర్డుకు గుచ్చుతాడు. తగు చర్య అంతటితో పూర్తవుతుంది. ఒకటో తారీఖున తెరుచుకున్న డేటాబేస్ సంగతి రీసెర్చ్ స్కాలర్ కంటపడేసరికి పదకొండో తారీఖు దాటుతుంది. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. ముప్పై రోజుల్లో పది రోజుల చదువు తప్పించడం కూడా ఆ ఆదా కిందే జమ అనుకోవాలి.

డేటాబేస్ సాధారణంగా మనిషిని గుర్తుపట్టదు, ఐపీ అడ్రస్‌ను గుర్తుపడుతుంది. క్యాంపస్ నెట్‌వర్క్ అంకెలను ముందే కంపెనీకి పంపితే, ఆ అంకెలతో వచ్చినవారికే తలుపు తెరుచుకుంటుంది. బయట ఉన్నవారి కోసం రిమోట్ లాగిన్ అనే ఏర్పాటు ఉంది గానీ, నెల రోజుల ముచ్చటకు దాన్ని ఎవరూ కదిలించరు. కనుక హాస్టల్ గదిలో ఫోన్ డేటా మీద చదివే విద్యార్థి ఆవరణలోనే ఉన్నా బయటివాడే. ట్రయల్ మే నెలలో పడితే మరీ సౌకర్యం. స్కాలర్లు ఊళ్లలో, అధ్యాపకులు పేపర్లు దిద్దే పనిలో, డేటాబేస్ మాత్రం రాత్రింబవళ్లు తెరిచి.

మధ్యలో ఒక వెబినార్ జరుగుతుంది. కంపెనీ ప్రతినిధి వెతుకు పెట్టెలో ‘క్లైమేట్ ఛేంజ్’ అని కొట్టి, లక్షల్లో వచ్చిన ఫలితాలను చూపిస్తాడు. ఆ మాటకు ఎక్కడైనా లక్షలు వస్తాయన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఈ-సర్టిఫికెట్ ఇస్తారు కాబట్టి హాజరు బాగానే ఉంటుంది.

అసలు పరీక్ష తెలుగు శాఖ స్కాలర్ కూర్చున్నప్పుడు మొదలవుతుంది. అంశం గురజాడ అప్పారావు కన్యాశుల్కం అనుకుంటే, 1892లో ప్రదర్శనకెక్కి, 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగి మళ్లీ వచ్చిన నాటకం కదా, ఎంతో కొంత దొరకాలి. తెలుగు లిపిలో కొడితే తరచు సున్నా. ‘మీరు ఇంకేదైనా వెతకబోయారా?’ అని యంత్రం మర్యాదగా అడుగుతుంది కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో కొడదామంటే గురజాడలోని ‘జ’కు కొందరు జె వాడారు, కొందరు జెడ్. అప్పారావును కొందరు కలిపి రాశారు, కొందరు నడిమికి విరిచారు. శుల్కంలోని ‘శు’కు ఎస్ ఒక్కటే చాలన్నవారు ఒక పక్షం, పక్కన హెచ్ కావాలన్నవారు ఇంకో పక్షం. ఇన్ని రకాలుగా పిలిస్తే విదేశీ పత్రికల్లో వచ్చిన నాలుగు సమీక్షలు పలుకుతాయి. స్కాలర్‌కు నిజంగా కావలసింది 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పెట్టిన ‘భారతి’ పాత సంచికలు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం లాంటి చోట్ల పాత పత్రికల కట్టలు ఉన్నాయి. వాటికి ట్రయల్ లేదు, వెబినార్ లేదు, వాటి తరఫున సర్క్యులర్ పంపేవారూ లేరు. డబ్బు అడగని సరుకును పట్టించుకోవడానికి యంత్రాంగంలో సీటు ఏర్పాటు చేయలేదు.

గడువు దగ్గరపడ్డాక వాడకం లెక్కలు కావాలి. ఈ లెక్కలకు కౌంటర్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని అయిదో రూపం 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఒకే పాఠకుడు ఒకే లింకును ముప్పై సెకన్లలోపు రెండుసార్లు నొక్కితే ఒక్కసారిగానే లెక్క కట్టాలని అందులో నియమం. వాడకం తక్కువగా కనిపిస్తే బాగుండదనుకున్న చోట లైబ్రరీ సిబ్బందికి దీనివల్ల వచ్చిన ఇబ్బంది పెద్దదేమీ కాదు. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టడం వస్తే చాలు.

ఆ వెంటనే ఫీడ్‌బ్యాక్ ఫారం. అందులో ‘అద్భుతం’, ‘చాలా బాగుంది’, ‘బాగుంది’ అని మూడు గడులు. చూడనివారికి, చూసి పెదవి విరిచినవారికి చోటు లేదు. నింపిన ఫారాలు విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చే రోజు కోసం ఫైల్లో భద్రంగా ఉంటాయి. పత్రికలు దొరక్కపోయినా పత్రాలు దొరుకుతాయి.

ధర చివర్లో వస్తుంది. అది వెబ్‌సైట్‌లో ఉండదు, ‘కొటేషన్ కోసం సంప్రదించండి’ అని ఉంటుంది. పక్క విశ్వవిద్యాలయం ఎంత కట్టిందో చెప్పకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో రివాజు. పరిశోధన ఫలితాలు ప్రపంచానికంతా తెలియాలని కోరే వ్యాపారం తన రేటు మాత్రం మూడో కంటికి తెలియనివ్వదు. హార్వర్డ్ అంతటి సంపన్న సంస్థలోనే, పత్రికలకు ఏటా సుమారు 37.5 లక్షల డాలర్లవుతోందని, ఇలాగైతే మోయలేమని అధ్యాపకుల సలహా మండలి 2012 ఏప్రిల్‌లో చేతులెత్తేసింది. మన దేశంలో ఆ బరువు కొంత కేంద్రం ఎత్తుకుంది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు 2025 జనవరి 1 నుంచి తెరుచుకున్నాయి. ఆ పథకం పత్రికలకు సంబంధించింది. దాంతో బ్యాగు సర్దుకుని వచ్చే ప్రతినిధి ఇప్పుడు పథకంలో లేనిదేదో వెతికి తెస్తున్నాడు.

ముప్పయ్యో రోజు అర్ధరాత్రి తలుపు మూసుకుంటుంది. వచ్చేవారి ప్రవాహం మాత్రం ఆగదు. నోటీసు ఆలస్యంగా చూసినవారు, సెలవుల నుంచి తిరిగొచ్చినవారు అప్పుడే తట్టడం మొదలుపెడతారు. కౌంటర్ ప్రమాణంలో వీరికీ ఒక వరుస కేటాయించారు: లైసెన్సు లేక వెనుదిరిగినవారి సంఖ్య. ట్రయల్ మొత్తంలో ఎవరూ దిద్దని, నిజాయితీగా పెరిగే అంకె ఇదొక్కటే. మరుసటి నెల అది రంగుల గ్రాఫుగా లైబ్రేరియన్‌కు మెయిల్లో వస్తుంది, ‘మీ పాఠకుల డిమాండ్’ అన్న శీర్షికతో. కింద కొత్త కొటేషన్, ఇంకో ముప్పై రోజుల ట్రయల్. సర్క్యులర్ మళ్లీ బయల్దేరుతుంది. అటెండర్ పాత నోటీసును తీయకుండా, అదే గుండుసూదితో కొత్తదాన్ని దాని మీదే గుచ్చుతాడు.