ముందు కట్టు, తర్వాత కట్టు

తెలుగులో ‘కట్టు’ అన్న క్రియకు ఎంత ముందుచూపు ఉందో హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టుకున్నాకే తెలిసింది. ఇల్లూ కట్టొచ్చు, జరిమానా కూడా కట్టొచ్చు. మన పట్టణ ప్రణాళిక అంతా ఆ శ్లేష మీదే నడుస్తోంది: ముందు కట్టు, తర్వాత కట్టు. నేనొక్కణ్ణే వెర్రివాడిలా వరస మార్చాను. ముందు ఫీజు కట్టి, ప్లాను తెచ్చుకుని, గీసిన గీత లోపలే గోడ లేపాను. ఆ పాపం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

మా ప్లానులో పక్కన మీటరు ఖాళీ వదలమని ఉంది. గాలీ వెలుతురూ వస్తాయన్నారు, వదిలాను. పక్కాయన ప్లానులోనూ అదే మీటరు ఉంది. ఆయన దాన్ని కాగితం మీదే వదిలాడు. సరిహద్దు దాకా గోడ తెచ్చి, సజ్జను నా ఖాళీలోకి చాపి, దాని మీద రెండు ఏసీ యూనిట్లు కూర్చోబెట్టాడు. ఇప్పుడు మా వంటింటి కిటికీ తీస్తే, పొయ్యి వెలిగించకముందే పోపు చిటపటలాడేంత సెగ.

“అంత పట్టుబట్టి వదిలారు కదండీ, అందులో ఏమొస్తోంది?” అంది మా ఆవిడ.

“గాలి.”

“ఎవరిది?”

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. పనిచేయలేదని అనను, పక్కింటికి నోటీసు అంటించారు. గృహప్రవేశం నాటికి దాని మీదుగా మామిడి తోరణం వేలాడింది. ఆ తర్వాత ఆస్తిపన్ను వచ్చింది. పూర్తిగా అనుమతి లేని కట్టడమైతే పన్నుకు నూరు శాతం జరిమానా, అంటే రెట్టింపు. అయితే పన్ను తీసుకున్నంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోయినట్టు కాదట! దొంగసొత్తులో వాటా పుచ్చుకుని, ‘ఇది దొంగసొత్తే’ అని రసీదు రాసిచ్చినట్టుంది.

ఆయన డాబా మీద ఇంకో రేకుల గది ఉంది. దాన్ని మన ఊళ్లో పెంట్‌హౌస్ అంటారు. ప్లానులో లేదు కాబట్టి చట్టం లెక్కలో అక్కడున్నది ఆకాశమే. ఆ ఆకాశానికి ఓ కొత్త జంట నెలకు పన్నెండు వేలు అద్దె కడుతోంది, మోటారుకూ మెట్ల లైటుకూ మెయింటెనెన్స్ వేరే. ఒప్పందం పదకొండు నెలలకే. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి మరి. ఆ గది నిజంగా ఉందని తెలిసేది రెండు సందర్భాల్లోనే: ఒకటో తారీఖున, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో రంగుల ఖర్చు కోసుకునే రోజున.

పక్కాయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆయనకు చరిత్ర తెలుసు. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో అక్రమాలను సక్రమం చేయడానికి భవనాలకు బీపీఎస్, ప్లాట్లకు ఎల్ఆర్ఎస్ అనే పథకాలు వచ్చాయి. 2015లో తెలంగాణలో భవనాలకు బీఆర్ఎస్ (కంగారు పడకండి, అప్పటికి ఆ పేరు పార్టీకి రాలేదు), ప్లాట్లకు మళ్లీ ఎల్ఆర్ఎస్. 2020లో ముచ్చటగా మూడోసారి ఎల్ఆర్ఎస్ పెడితే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. కృష్ణకు అటువైపు వాళ్లూ తక్కువ తినలేదు, 2015లోనూ 2019లోనూ బీపీఎస్ తెరిచారు. 2025లో తెలంగాణ ఎల్ఆర్ఎస్‌కు గడువులోగా కడితే పాతిక శాతం రాయితీ! తప్పుకు ఆషాఢం సేల్ పెట్టిన ఘనత మనదే. ఇలాంటి పథకాలు అసాధారణ పరిస్థితుల్లో, ఒక్కసారికే ఉండాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. మనవాళ్లు ఆ మాట జవదాటరు. ప్రతిసారీ ఒక్కసారే పెడతారు.

ఈ దయకూ ఓ గట్టు ఉంది, చెరువు గట్టు. నీటి మధ్య లేఅవుట్ వేసినప్పుడు ఎవరికీ తడి తగల్లేదు. రిజిస్ట్రేషన్ కౌంటరు రుసుము పుచ్చుకుంది, బ్యాంకు అప్పిచ్చింది, కరెంటు మీటరు తిరిగింది, ఇంటిపన్ను వసూలైంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చివరి కౌంటర్లో జేసీబీ కనబడింది. చెరువును కాపాడొద్దని ఎవరంటారు? కానీ కూలిన ఇంటి ముందు రసీదుల కట్ట పట్టుకుని నిలబడ్డవాడే కనిపించాడు, ఆ రసీదుల మీద ముద్ర గుద్దినవాళ్లు కనిపించలేదు. ఇక అద్దెకున్నవాడి చేతిలో రసీదు కూడా లేదు, గ్యాస్ సిలిండరు తప్ప.

ఇంత చూశాక ప్రభుత్వానికి నాదో మనవి. నాలాంటివాళ్ల వల్ల ఖజానాకు ఎంత నష్టం! జరిమానా లేదు, రెట్టింపు పన్ను లేదు, దరఖాస్తు రుసుమైనా లేదు. కాబట్టి ‘సక్రమ కట్టడాల శిక్షా పథకం’ ఒకటి పెట్టండి. ప్లాను ప్రకారం కట్టినవాడు, అదనంగా కట్టనందుకు కట్టాలి. గడువులోగా తప్పు ఒప్పుకుని ఒక్క బాల్కనీ అయినా ముందుకు జరిపితే పాతిక శాతం రాయితీ ఇవ్వండి.

ఈ మనవి అందేలోపు పక్కాయనే జాలిపడ్డాడు. “మీరూ ఆ మీటరు కలిపేసుకోండి సార్, మళ్ల స్కీము వస్తది” అన్నాడు. నిజమే అనిపించి, మేస్త్రీని పిలిచి టేపు పట్టించాను.

నలభై సెంటీమీటర్లే తేలింది. మిగతా అరవై, ఆయన సజ్జ కింద, వచ్చే స్కీము కోసం ఎదురుచూస్తోంది.