నన్నారి షర్బత్: తలకిందుల చిట్కాలు

హిందూపురం కానీ, పెనుకొండ కానీ, ధర్మవరం కానీ, ఎండలు ముదిరితే నన్నారి బండి చుట్టూ జనమే. ఆ రుచి ఇంట్లో రావాలని చాలామంది అంగడి సీసాను చూసి నకలు తీస్తారు, దెబ్బతింటారు. మనం మనసు పారేసుకున్నది బండి దగ్గర కలిపి ఇచ్చిన గ్లాసు మీద. నకలు తీయాల్సింది దాన్నే. అందుకు వంటింటి ఆనవాయితీలు కొన్ని పక్కన పెట్టాలి.

1. కొండెక్కి గడ్డలు తవ్వకండి. తాజావే మేలని చెప్పేవాళ్లుంటారు, వినకండి. నన్నారి పేరుతో అమ్మే లావాటి గడ్డలు ఎక్కువగా బర్రె సుగంధి అనే వేరే తీగవి. గడ్డ కోసం తవ్వితే తీగే పోతుంది. అంతరించే ముప్పున్న మొక్కల్లో అదీ చేరింది. మూలికల అంగట్లో సన్నటి సుగంధిపాల వేర్లు అడగండి, నన్నారి అంటే అవే. ఓపికుంటే కుండీలో తీగ పెంచండి.

2. వేర్లు మరిగించకండి. కషాయమంటే మరగాల్సిందే అంటారు. నన్నారికి అది చేటు. దీని పరిమళమంతా వెనిలిన్‌కు అన్నదమ్ముల వరసైన ఒక పదార్థంలో ఉంది. అది ఆవిరితోపాటు ఎగిరిపోతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే గిన్నెలోది గాలికి పోతోందన్నమాట. 100 గ్రాముల ఎండు వేర్లు కడిగి రోట్లో నలగ్గొట్టండి. బెరడు చీలి లోపలి గట్టి పుల్ల విడివడుతుంది. పుల్ల పారేయండి, వాసనంతా బెరడులోనే. దాని మీద 600 మి.లీ. వేడినీళ్లు పోసి, బిగుతుగా మూతపెట్టి రాత్రంతా వదిలేయండి.

3. హిందూపురం బెల్లం వేయకండి. బెల్లానికి పేరుమోసిన ఊరే, కాదనను. కానీ బెల్లం వాసన నన్నారిని తొక్కేస్తుంది. వడకట్టిన అర లీటరు నీళ్లకు కిలో పంచదార పోసి, సన్నసెగ మీద కరిగిన వెంటనే దించండి. తీపి ఎక్కువని భయపడొద్దు. పాకంలో 66 శాతం దాకా పంచదార ఉంటేనే తొందరగా బూజు పట్టదు. తగ్గించారంటే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తాగేయాలి.

4. రంగు కోసం వెంపర్లాడకండి. కొన్ని సీసాల ముదురు రంగు కారమెల్ కలిపి తెచ్చిందే. లేబుల్ చదవండి. మీది పలచటి టీ డికాక్షన్ రంగులో ఉంటే చాలు.

5. నిమ్మరసం సీసాలో పిండకండి. అది గ్లాసులోకే. రెండు పెద్ద చెంచాల పాకం, అరచెక్క నిమ్మకాయ, చివర్లో చల్లటి సోడా. గోలీ సోడా దొరికితే వదలకండి. హైరమ్ కాడ్ 1872లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసే గోలీని మూతికి అదిమి పెడుతుంది, కొట్టేదాకా గ్యాసు బయటికి పోదు. చెంచాతో గిలకొట్టి ఆ గ్యాసు పోగొట్టకండి. పోసే ధారే పాకాన్ని కలిపేస్తుంది.

6. నాలుకను నమ్మకండి, ముక్కును నమ్మండి. బండి గ్లాసు పక్కన మీ గ్లాసు పెట్టి కళ్లు మూసుకుని వాసన చూడండి. తీపి, పులుపు అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. వాసన తగ్గితే మాత్రం ఎంత పంచదార పోసినా లాభం లేదు. వేర్లు పెంచి మళ్లీ నానబెట్టండి.