మీ మోకాలికి రుజువేదీ?

ఇంతమంది ఎముకల డాక్టర్లు ఒక్కచోట చేరడం వైద్య సదస్సుల్లో కూడా జరగదు. ఫ్లోరిడాలో, ఒర్లాండో పక్కన, డిస్నీవారి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్మస్ పార్టీ రాత్రి చూడాలి వాళ్ళని. ఎక్స్‌రే అడగరు, ఎమ్మారై అడగరు, నాడి కూడా పట్టుకోరు. బ్యాటరీ స్కూటర్ మీద వస్తున్న మనిషిని ఎగాదిగా ఒక్క చూపు చూస్తారు, అంతే. "ఈవిడకేమైంది? దుక్కలా ఉందిగా!" ఆ మనిషి కోకో కప్పు అందుకోవడానికి బండి దిగి నాలుగడుగులు వేసిందా, ఇక కేసు మూసేసినట్టే. "చూశావా, నడుస్తోంది!" నాలుగడుగులు వేయగలిగినవాళ్ళు నూరెకరాల పార్కంతా చుట్టిరాగలరని వీళ్ళ శాస్త్రం. గుండె, ఊపిరితిత్తులు, కీళ్ళవాతం లాంటి పైకి కనబడని సరుకు అందులో లేదు. కాలికి కట్టు కనిపించాలి, లేదా కాలే కనిపించకూడదు. మధ్యస్థంగా బాధపడేవాళ్ళు మోసగాళ్ళ కింద లెక్క.

అలాగని వీళ్ళేమీ పుట్టు అనుమానపు మనుషులు కారు. ఆ రాత్రయితే అసలే కారు. ఏడింటినుంచి అర్ధరాత్రి దాకా సాగే ఆ పార్టీకి పగటి టికెట్టు చెల్లదు, వేరే కొనాలి. తలకు 150 డాలర్ల పైమాటే, పండగ దగ్గరపడేకొద్దీ 200 కూడా దాటుతుంది. కొన్నవాళ్ళు సాయంత్రం నాలుగింటికే లోపలికొచ్చి చేతికి పట్టీ కట్టించుకుని సిద్ధంగా ఉంటారు. డిసెంబర్‌లోనూ చెమటలు పట్టగల ఊళ్ళో సబ్బు నురగ చిమ్మితే మంచు కురుస్తోందని చేతులు చాపుతారు. తొడుగులోంచి ఎవరో చెయ్యూపితే మిక్కీయే పలకరించాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఒక్క ఇటుకైనా లేని ఫైబర్‌గ్లాస్ సిండరెల్లా కోట ముందు పెళ్ళి ప్రతిపాదనలు చేసుకుంటారు. ఎదురు డబ్బిచ్చి ఇన్నింటిని నమ్మే భక్తజనం, ఉచితంగా దొరికే ఒక్క మోకాలి నొప్పిని మాత్రం నమ్మదు.

ఇక ఆ బండి ప్రయాణం. చాలావాటికి హ్యాండిల్ దగ్గర వేగం తిప్పే మీట ఉంటుంది, ఒక కొసన తాబేలు బొమ్మ, ఇంకో కొసన కుందేలు. పార్టీ రాత్రి కుందేలు ఉత్తుత్తి అలంకారం. పట్టు వదిలితే బండి ఆగుతుంది గానీ, ఉన్నచోటే మేకు దిగ్గొట్టినట్టు ఆగదు. అందుకని తెలిసినవాళ్ళు ముందు మనిషికీ తమకూ మధ్య రెండు గజాల జాగా వదిలిపెడతారు. పార్కులోని మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో రెండు గజాల ఖాళీ అంటే హైదరాబాదు శివార్లలో గోడ కట్టని ప్లాటే. కబ్జా కాకుండా ఉంటుందా? మొదట భుజాలమీద పిల్లవాడితో ఒక నాన్న దూరతాడు. వెనకే కవలల స్ట్రోలర్. 31 అంగుళాల వెడల్పు దాటిన స్ట్రోలర్లను 2019లో నిషేధించారు గానీ, 30 అంగుళాలవి ఎవరి మడమల మీదుగా నడపాలో చెప్పలేదు. ఆ వెనక, కోట తన మొహం పక్కన ఫోటోలో ఒదిగేదాకా వెనక్కి నడుస్తూ వచ్చే ఒక యువతి. బండి చక్రం ఆవిడ చెప్పుకు తగిలిందనుకోండి, వీధి వీధంతా సాక్షులే. వెనక్కి నడిచినావిడది నేరం కాదు. ముందుకు చూస్తూ వచ్చినావిడదే నేరం.

అదే వీధిలో గుర్రపు ట్రామ్ కోసం వేసిన పట్టాలున్నాయి. చిన్న చక్రాల బండి వాటిని అడ్డంగా, తిన్నగా దాటాలి. ఏటవాలుగా పోతే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది. జనం ఇచ్చేది ఏటవాలు దారే. ఇరుక్కున్నాక ఎత్తడానికి నలుగురు పరిగెత్తుకొస్తారు, అందులో లోపం లేదు. ఎత్తినంతసేపూ "రాత్రి పూట ఇవన్నీ ఎందుకు తీసుకొస్తారో" అని కూడా అంటారు.

పార్టీ రాత్రి ఊరేగింపు రెండుసార్లు నడుస్తుంది. మొదటిదానికి ఇసక వేస్తే రాలని జనం. చక్రాలవాళ్ళకని తాడు కట్టిన చోటు వేరే ఉంటుంది, ముందొచ్చినవాళ్ళకే దక్కుతుంది. దక్కనివాళ్ళు నలుగురి మధ్యన బండి ఆపుకుని కూర్చోవాలి. ఆ ఎత్తునుంచి చూస్తే క్రిస్మస్ అంటే వీపుసంచులు, జేబుల్లోంచి వేలాడే చార్జర్ తీగలు, ఒక మహానుభావుడి నడుము. "ఒక్క ఫోటో, ఒక్కటే" అంటూ ముందుకొచ్చినాయన బొమ్మల బండ్లన్నీ దాటిపోయేదాకా ఆ ఒక్క ఫోటో తీస్తూనే ఉంటాడు. చిట్టచివర వచ్చే శాంటాక్లాజ్ టోపీ కొస మాత్రం కనబడుతుంది, అదీ ఆయన ఎగిరితే.

"పోనీలెండి, వరసలో నిలబడే బాధ తప్పిందిగా" అని ఓదార్చేవాళ్ళున్నారు. ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1971లో తెరిచిన పార్కు అది. పాత రైడ్ల వరసల్లో చక్రాల కుర్చీ పట్టేది కాదు కాబట్టి బయటికొచ్చే దారిలోంచి లోపలికి పంపేవారు. కట్టినవాడి ఇరుకును జనం కూర్చున్నవాడి భోగంగా రాసుకున్నారు. దొంగలు లేరా అంటే ఉన్నారు. 2013లో న్యూయార్క్ పోస్ట్ బయటపెట్టిన కథ: మాన్‌హట్టన్ సంపన్న తల్లులు కొందరు వైకల్యం ఉన్న గైడ్లను గంటకు 130 డాలర్లకు కుదుర్చుకుని, వాళ్ళ చాటున పిల్లల్ని వరస దాటించారట. ఆ ఏడాది అక్టోబర్‌లో, వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే పాత కార్డు రద్దయింది, కొత్త పద్ధతి వచ్చింది. 2024 మే నెలలో దాన్నీ బిగించి, ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవారికి పరిమితం చేశారు. గంటకు 130 పోసినవాళ్ళు ఏమయ్యారో గానీ, వాతపు మోకాళ్ళు మాత్రం అందరితోపాటు అదే వరస మెలికల్లో బండి తిప్పుకుంటూ నిలబడతాయి, సారీ, కూర్చుంటాయి.

వరస చివరిదాకా వెళ్ళినా తిప్పలు తీరవు. పీటర్ పాన్ రైడ్ ఉంది. ఎక్కేచోట కదిలే పట్టా ఆగదు, కాబట్టి బండి దిగి అడుగులు వేయగలిగినవాళ్ళే ఎక్కాలి. ఎక్కాలంటే నడవాలి. నడిస్తే, మొదట చెప్పిన "చూశావా" సిద్ధం.

వరస తప్పించుకోవడం పాపమేమీ కాదు, పద్ధతిగా చేయాలి. 2024 అక్టోబర్ చివర్లో డిస్నీవారే ఒక ప్రీమియర్ పాస్ పెట్టారు. ఆ ఏడాది క్రిస్మస్ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పగలు అది కొనాలంటే మనిషికి 449 డాలర్లు పెట్టాల్సి వచ్చింది, ప్రవేశ టికెట్టు కాక. ఆ పాస్ చూపించి వందలమంది పక్కనుంచి చరచరా నడిచిపోయే మనిషిని ఎవరూ రుజువు అడగరు. "ఈయనకేమైంది? దిట్టంగా ఉన్నాడుగా, నిలబడలేడా?" అని ఒక్క నోరూ లేవదు. పైగా దారిచ్చి, "సంపాదించుకున్నాడు, అనుభవిస్తున్నాడు" అనుకుంటారు. డబ్బున్నట్టు రసీదు చాలు, నొప్పి ఉన్నట్టు ఏ రసీదూ చాలదు.

స్కూటర్ మనుషులకు జనం ఒక బిరుదు కూడా ఇచ్చారు. 2008లో పిక్సార్ తీసి డిస్నీ విడుదల చేసిన వాల్-ఈ అనే బొమ్మల సినిమాలో, నడక మరిచిపోయి తేలే కుర్చీల్లో బతికే జనం ఉంటారు. ఆ పేరుతోనే వెక్కిరింత. కానీ ఆ సినిమా సరిగ్గా చూసినవాళ్ళకు గుర్తుండాలి: ఆ జనం మొహాల ముందు ఎప్పుడూ ఒక తెర వెలుగుతూ ఉంటుంది, పక్కన మనిషున్నాడన్న సంగతే వాళ్ళకు తెలియదు. మెయిన్ స్ట్రీట్‌లో అలాంటివాళ్ళు వేలల్లో కనిపిస్తారు, అందరూ నడుస్తూనే.

డిసెంబర్ సెలవుల్లో అక్కడ తెలుగు వినబడని వీధి ఉండదు. డాలస్ నుంచో అట్లాంటా నుంచో కొడుకూ కోడలూ, వెంట ఆరునెలలకని వచ్చిన తల్లిదండ్రులు. ఈ తల్లే శంషాబాద్‌లో వీల్‌చెయిర్ రాయించుకుని, ఏ మొహమాటమూ లేకుండా విమానం దాకా వచ్చింది. ఇక్కడ మాత్రం ససేమిరా. "నేను నడుస్తాను నాన్నా. ఆ బండెక్కితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" "ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరమ్మా?" "ఆ ఎదురుగా వచ్చేది మీ అపార్ట్‌మెంట్ రెడ్డిగారి వియ్యపురాలు కాదూ?" చివరికి కోడలు "ఎక్కండత్తయ్యా, రాత్రికి మీ కాళ్ళు చూడాల్సింది నేనే" అంటే ఎక్కుతుంది. ఎక్కడమే తరువాయి, బుట్టలో పులిహోర డబ్బాలు, హ్యాండిల్‌కి నాలుగు కోట్లు, వెనక కొన్న బొమ్మలు, కాళ్ళ దగ్గర మనవడు. అద్దె మోకాలి పేరు మీద, బండి సామాన్లకు. మామగారికి నడుం నొప్పి ఉన్నా పైకి అనడు. అంటే రెండో బండి, రెండో అద్దె.

అర్ధరాత్రి దాటాక అందరూ హోటల్ బస్సుల దగ్గర. బస్సుకు సాధారణంగా రెండు స్కూటర్లకే చోటు. ముందు వాటినెక్కించి డ్రైవర్ పట్టీలతో కట్టాలి, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలు భరించడం నాలుగుగంటలపాటు సబ్బు మంచు కోసం ఎదురుచూసిన జనంవల్ల కాదు. "వాళ్ళకే ముందు!" అని నిట్టూర్పులు. మూడో స్కూటర్ కిందే ఉండిపోయింది, తరవాతి బస్సు దాకా. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. తలుపులు మూసుకున్నాయి. లోపల కమ్మీ పట్టుకుని వేలాడుతున్న ఒకాయన ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి బూటు విప్పి, మడమ రుద్దుకుంటూ భార్యని అడిగాడు: "ఇంతకీ ఆ బండికి రోజుకి అద్దె ఎంతట?"